ఆల్విన్ అతికించిన రెండు ఆకులు

సెవెర్న్ నది ఒడ్డున ఉన్న మఠంలో ఆల్విన్ సన్యాసి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. జనాన్ని నది దాటించే పడవవాడి కొడుకతను. పసితనంలో గొంతు బాగుందని మఠంవాళ్ళు బడిలో చేర్చుకున్నారు. ఆ గొంతే అతనికి అన్నం పెట్టింది, ఇద్దరు స్నేహితులనూ ఇచ్చింది. థర్‌స్టన్ పై స్వరం పాడేవాడు, పియర్స్ కింది స్వరం. నడిమి స్వరం ఆల్విన్‌ది. మరియమ్మ పండుగనాడు ముగ్గురూ గుడిలో నిలబడి ఒకే పాటను మూడు దారుల్లో పాడుతుంటే వంటశాలలో గిన్నెలు తోమేవాళ్ళు కూడా చేతులు ఆపి వినేవారు.

ఆ తర్వాత దేశం మీద మహమ్మారి పడింది. ఒకరి తర్వాత ఒకరిని, ఆ స్నేహితులిద్దరినీ గుడి వెనక పూడ్చిపెట్టారు. తననొక్కణ్ణే ఎందుకు మిగిల్చావని ఆల్విన్ దేవుణ్ణి అడగలేదు. అది తను అడగవలసిన మాట కాదనుకున్నాడు. రోజూ పూజలో వాళ్ళ పేర్లు మాత్రం తలుచుకునేవాడు.

తల నెరిసినా పనిచేస్తూ ఆ నడిమి స్వరాన్ని కూనిరాగం తీసేవాడు. ఆ పాట తీరు వేరు. ఒక గొంతు పలుకుతుంటే ఇంకో గొంతు ఆగి దారి ఇవ్వాలి. అందుకని ఆల్విన్ రెండు ముక్కలు పాడి ఆగేవాడు, ఎవరి కోసమో చూస్తున్నట్టు కాసేపు ఊరుకుని మళ్ళీ ఒక ముక్క అందుకునేవాడు.

"ఏమైందన్నా, బఠానీ గొంతుకు అడ్డం పడిందా? ఆ ఎక్కిళ్ళేంటి?" అనేవాడు వంట చూసే ఓడో. అలా అంటూనే, చలికి పగిలిన చేతులకు రాసుకోమని కాస్త బాతు కొవ్వు బల్ల మూల పెట్టి పోయేవాడు.

ఒక వసంతకాలం పొద్దున హేమో పాత పాటల పుస్తకం మోసుకొచ్చాడు. మఠంలో పాటలకూ పుస్తకాలకూ అతనే పెద్ద. వయసులో ఆల్విన్ కంటే చాలా చిన్నవాడు.

"అన్నా, ఈ పాటలు ఇప్పుడు పాడేవాళ్ళు లేరు. రాసిన తీరు కూడా మావాళ్ళకు అంతు చిక్కట్లేదు. గొర్రెలకు రోగమొచ్చి పుస్తకాల ఆకులకు తోళ్ళు దొరకట్లేదని నీకు తెలుసుగా. ఇది విప్పేసి కొత్త పుస్తకాలకు కాపు ఆకులుగా వాడెయ్" అన్నాడు.

"అలాగే తమ్ముడూ" అన్నాడు ఆల్విన్. పెద్ద చెప్పిన పని కాదనడం ఆ ఇంట లేదు.

పుస్తకానికి చెక్క అట్ట ఒరిపిడి తగలకుండా కాపుగా పాత తోలు ఆకులు వేయడం అక్కడి వాడుక. ఒకటి అట్ట లోపలి వైపు అతికిస్తారు, దాని ఎదుట ఒకటి విడిగా వదులుతారు. ఎవరికీ పనికిరాని రాతలెన్నో ఆల్విన్ అలా అట్టల్లోకి పంపాడు. ఈసారి మాత్రం కుట్లు విప్పుతూ విప్పుతూ మరియమ్మ పాట దగ్గర ఆగిపోయాడు.

ఎడమ పేజీలో, అడుగు అంచు తప్ప, నిండా తన స్వరం. కుడి పేజీలో పైన థర్‌స్టన్‌ది, అట్టడుగున రెండు వరసల్లో పియర్స్‌ది. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అది ఒక పాట. కుట్టు విప్పితే రెండు విడి ఆకులు. అవి చెరొక పుస్తకానికి పోతే ఆ ముగ్గురూ ఇక ఎక్కడా కలవరు.

కాపు ఆకులు వేయవలసిన పుస్తకాలను ఆ రెండు ఆకుల పక్కన పెట్టి కొలిచాడు. దాదాపు అన్నీ చిన్నవే, వాటికి వేస్తే ఆకు కింది భాగం కొయ్యాలి. పెద్దది ఒక్కటే ఉంది, ప్రసంగాల పుస్తకం. అది వేల్స్ కొండల్లో ఉన్న చిన్న మఠానికి పోవలసింది.

మధ్యాహ్నం హేమో వచ్చాడు. "భోజనానికి రాలేదేం? గంజి బాగోలేదనుకుని ఓడో అలిగి కూర్చున్నాడు."

బల్ల మీది ఆకులు చూసి హేమో గొంతు తగ్గించాడు. "నువ్వు పాడిందేనా అన్నా?"

"నడిమిది నాది."

"అయితే ఆ ఆకు నీ ప్రార్థన పుస్తకానికి వేసుకో. నేనే చెప్తున్నా, తప్పేం లేదు. కింది ఖాళీ అంచు కాస్త కోస్తే చాలు. బతికినన్నాళ్ళూ కళ్ళెదుట ఉంటుంది."

ఆల్విన్ ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. అడగకుండానే వచ్చిన ఆ మాటకు గుండె కరిగింది. ఆకు తీసి తన పుస్తకం మీద పెట్టి చూసుకున్నాడు. చక్కగా ఒదిగింది.

"మరి రెండోది?"

"ఈ చిన్నవాటిలో దేనికో ఒకదానికి వేద్దాం. కింద రెండు వరసలు పోతే పోయాయి."

ఆ రెండు వరసలే పియర్స్. ఆల్విన్ వాటిని చూశాడు. తర్వాత తన ఆకును మెల్లగా ఇవతలికి లాగి దాని జోడు పక్కన పెట్టాడు.

"వద్దు తమ్ముడూ. నాదొక్కటే దాచుకుంటే అది పాట కాదు. కొండలకు పోయే పుస్తకానికి రెండూ ఎదురెదురుగా వేస్తా. గోరంత కూడా కొయ్యక్కర్లేదు."

"అది పోతే మళ్ళీ మన గడప తొక్కదన్నా. నువ్వు ఇక చూడలేవు."

"వాళ్ళను మాత్రం చూస్తున్నానా?" అన్నాడు ఆల్విన్. "కలిసి ఉంటారు. అంతే చాలు."

ఎడమ ఆకు వెనకవైపు ఇంకో పాట చివరి భాగం ఉంది. జిగురు పూస్తే అది మరుగైపోతుంది. ఆల్విన్ దాన్ని ఒకసారి పెదవుల మీదే చదువుకుని, సిలువ గుర్తు వేసుకుని, జిగురు పూశాడు. అట్ట మీద పరిచి, ఎముక ముక్కతో ముడత లేకుండా నిమిరాడు.

మర్నాడు తడి ఆరాక అట్ట తెరిచాడు. చెక్క మీద తన స్వరం, ఎదుట ఆకు మీద వాళ్ళిద్దరూ. థర్‌స్టన్ వరసల మీద మొదటినుంచీ చివరిదాకా వేలు నడిపాడు. తర్వాత పియర్స్ వరసల మీద. తనది చూసుకోలేదు. పుస్తకం మూశాడు.

కంచరగాడిదల వాళ్ళు వచ్చి దాన్ని మైనపు గుడ్డలో చుట్టి తీసుకుపోయిన రోజు, వాకిలి దాకా వెళ్దాం రమ్మని హేమో పిలిచాడు. పని ఉందన్నాడు ఆల్విన్. నిజంగానే ఉంది. పాటల పుస్తకంలో సగం ఆకులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. అతను ఒక ఆకు తీసి కొలబద్ద పెట్టి కత్తి అందుకున్నాడు. హేమో వాకిలికి వెళ్ళకుండా వచ్చి, కోతకు ఆకు కదలకుండా రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.