గ్లెన్ అంకుల్ గడ్డి మీద నా థీసిస్

పోయిన శనివారం నేను చేసిన ఘనకార్యం వింటే చేతిలో టీ కింద పెట్టేస్తారు. నా థీసిస్ నిలబడింది. కాకపోతే ఒక పెద్దాయన ఆవుల మేత ముంచి మరీ నిలబెట్టుకున్నాను. నవ్వకండి, పూర్తిగా వినండి.

నా టాపిక్ తెలుసు కదా. ఇక్కడ పెన్సిల్వేనియాలో పూర్వం రైతులు కొండవాలున చిన్న కాలవ తవ్వేవాళ్ళు. ఊటనీళ్ళు దాని గట్టు మీదుగా పల్చగా పొర్లి కింద గడ్డి పొలమంతా తడిసేది. చలి పూర్తిగా పోకముందే పచ్చగడ్డి వచ్చేసేది. ఎప్పుడో మానేశారు. ఇప్పుడా కాలవలు మామూలు కంటికి ఆనవు, విమానం నుంచి లేజర్‌తో తీసిన మ్యాపుల్లో సన్నటి గీతల్లా కనిపిస్తాయి. నేను ఒక మంచి గీత పట్టాను. మా ప్రొఫెసర్ చూసి, "ఇది పాత బండిబాట కూడా కావచ్చు. నేల మీద ప్రూఫ్ తీసుకురా. లేదంటే ఇంకో సెమిస్టర్" అంది. ఇంకో సెమిస్టర్! అసలే ఇంటర్వ్యూల్లో వరసగా రిజెక్షన్లు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

సరే, రూమ్మేట్ మౌనికని బతిమాలి తన కార్‌లో ఆ పొలానికి వెళ్ళాం. పొలం గ్లెన్ అనే పెద్దాయనది. భార్య పోయింది. ఒక్కడే పద్నాలుగు ఆవులతో నెట్టుకొస్తున్నాడు. అలవాటు కొద్దీ అంకుల్ అనేశాను, ఆయనేమీ అనుకోలేదు. "చూసుకో, ఫోటోలు తీసుకో, కావాలంటే గుప్పెడు మట్టి తీసుకో. అంతకుమించి ఏదీ కదపకు" అని వెనకదారి చూపించాడు.

చెట్లలోంచి పైకెక్కితే ఊట కనిపించింది. నీళ్ళన్నీ పక్క వాగులోకి పోతున్నాయి. ఊటకీ నా గీతకీ మధ్య రాళ్ళు, మట్టి, కుళ్ళిన ఆకులు అడ్డం. మాది తెనాలి దగ్గర వరి పొలం. నీళ్ళు ఆగిపోయిన చోట నా చెయ్యి ఊరుకోదు. మట్టి శాంపుల్ కోసం తెచ్చిన చిన్న పార తీశాను.

"మౌనీ, ఒక్క జానెడు గండి పెడతానే. పది అడుగులు పారితే వీడియో తీసేస్తా. ఎండిపోయిన కాలవ, అక్కడే ఇంకిపోతుంది."

"ఏదీ కదపొద్దన్నడు గదనే ఆయన!"

"పొలం నీళ్ళ గురించి నాకు చెప్తున్నావా?"

ఆ మాటే నా కొంప ముంచింది.

జానెడు గండి మూరెడైంది. మెత్తబడ్డ మట్టి తనంతట తనే కూలింది. నీళ్ళు ఇంకలేదు సరికదా, బుద్ధిగా నా గీత వెంట పోయాయి. నేను వీడియో తీస్తూ, కేకలేస్తూ వెనకాలే పరిగెత్తాను. చెట్లు దాటాక కాళ్ళు ఆగిపోయాయి. కింద పొలమంతా కోసిన గడ్డి, వరసలు వరసలుగా ఎండుతూ ఉంది! దాని మీదికి కాలవ పొడవునా గట్టు పొర్లి, ఎక్కడా ఎక్కువా తక్కువా లేకుండా నీళ్ళు దిగుతున్నాయి. పూర్వం వాళ్ళ పనితనం అంటే అదీ!

వెనక్కి పరిగెత్తి రాళ్ళు వేశాను. నా జాకెట్ అడ్డం పెడితే అదీ కొట్టుకుపోయింది. "పొలం నీళ్ళ సంగతి నీకెరుకనే గదా, ఆపు మరి!" అని మౌనిక అరుస్తోంది.

ఆ అరుపులకి గ్లెన్ అంకుల్ వచ్చాడు. ఒక పాత చెక్క తెచ్చి అడ్డంగా దింపి రెండు నిమిషాల్లో నీళ్ళు ఆపేశాడు. తర్వాత తడిసిన పొలం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సాయంత్రం గడ్డి కట్టలు కడదామనుకున్నాను. రేపటినుంచి వాన" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. సారీ అంకుల్, సారీ అంకుల్ అంటూనే ఉన్నాను. ఆయన కాలవ వైపు తిరిగి అన్నాడు, "ఈ కాలవ పొలమంతా తడిపేదని మా తాత చెప్తుండేవాడు. గొప్పలు పోతున్నాడనుకునేవాణ్ణి." తిట్టినా బాగుండేది.

పొద్దుగూకేదాకా ముగ్గురం పంగలకర్రలతో గడ్డి తిరగేశాం. మర్నాడు వాన వచ్చింది. గడ్డి నల్లబడిపోయింది. ఫోన్ చేస్తే, చలికాలానికి మేత చాలదు, నాలుగు ఆవుల్ని అమ్మేయాలేమో అన్నాడు. ఆ నాలుగూ ఏవో నేను అడగలేకపోయాను.

వీడియో చూసి మా ప్రొఫెసర్ ఎగిరి గంతేసింది. "ఇంతకన్నా ప్రూఫ్ ఏం కావాలి! ఇదే ఇంకోసారి అవతలి వైపునుంచి తియ్యగలవా?" అంది.

థీసిస్‌లో ఆ పొలం వాడుకోవాలంటే ఆయన సంతకం కావాలి. సిగ్గు చంపుకుని నిన్న ఫారం పట్టుకెళ్ళాను. సంతకం పెట్టాడు. కింద ఒక లైన్ కూడా రాశాడు: "కాలవ బాగానే పనిచేస్తుంది. ఈ అమ్మాయిని మాత్రం నీళ్ళ దగ్గరికి రానివ్వకండి."

మా నాన్నకి ఫోన్ చేసి డిగ్రీ ఖాయమని మాత్రమే చెప్పాను. ఎలా ఖాయమైందో చెప్తే, ఇక మా పొలం గట్టు కూడా ఎక్కనివ్వడు.