చెప్పకుండా ఇచ్చిన జీపు

చోడవరంలో సొహైల్‌ని ఎరగనివాళ్లు ఉంటారేమోగానీ, సొహైల్ జీపుని ఎరగనివాళ్లు తక్కువ. తలుపుల్లేని పాత పచ్చ జీపు అది. అతను సెల్ టవర్ల మెకానిక్కు. మాడుగుల దాటేక కొండల మీదున్న టవర్లలో జనరేటరు ఆగినా, బ్యాటరీలు పోయినా అతనే ఎక్కాలి. ఆ దారుల్లో మామూలు కారు సగం దూరం కూడా పోదు. వానాకాలంలో గెడ్డ పొంగి రోడ్డు మీంచి పారుతున్నా సొహైల్ జీపుని మెల్లగా నీళ్లలోకి దించి అవతలి గట్టెక్కించేవాడు. అతని కూతురు ఇఖ్రా స్కూలుకి కూడా అందులోనే వెళ్లేది.

ఆ పిల్లకి పదకొండో ఏడు వచ్చేసరికి వెన్ను పక్కకి ఒంగడం మొదలైంది. విశాఖపట్నంలో పెద్ద ఆపరేషన్ చేసి వెన్నెముకకి కడ్డీలు వేసేరు. ఆపరేషన్ బాగా జరిగిందన్న డాక్టరే, ఇంటికి పంపించేముందు సొహైల్‌ని పక్కకి పిలిచి, మూడు నెలలపాటు పిల్లకి కుదుపు తగలకూడదని, ఎలాంటి బండిలో తీసుకెళ్తారో చూసుకోమని చెప్పేడు. సొహైల్‌కి తన జీపు గుర్తొచ్చింది. ఆ జీపులో కూర్చుంటే రోడ్డు మీద చిన్న రాయి ఎక్కినా నడ్డికి తెలుస్తుంది. ఈ ఒక్కసారికైతే అద్దె కారు మాట్లాడొచ్చు. మూడు నెలలపాటు చెకప్పులకి తిప్పడం ఎలాగ? అతను తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసేడు.

రావికమతంలో చెరుకు పండించే గౌరీశంకర్ అన్న పెద్దాయన ఆ కబురు విని తనే వచ్చేడు. ఆయనకి ఏడుగురు కూర్చునే పెద్ద కారుంది, మెత్తగా పోతుంది. వానొస్తే మాత్రం గెడ్డ అవతలున్న పొలానికి పోలేక ఇంటిదగ్గరే ఉండిపోతుంది. ఆయనకి జీపు కావాలి, సొహైల్‌కి కారు కావాలి. టవర్ల దగ్గరికి ఎవరి మోటార్‌సైకిలైనా అడిగి వెళ్లొచ్చనుకున్నాడు సొహైల్. బండికి బండి మార్చేసుకుందామనుకున్నారు. అప్పటికి ఇఖ్రాని ఇంటికి తీసుకురావడానికి ఒక్క రోజే ఉంది.

గౌరీశంకర్ జీపు చుట్టూ తిరిగేడు, కాసేపు తోలి చూసేడు. దిగేక తాళం చేత్తో పట్టుకుని అడిగేడు.

"ఇంకేటైనా సెప్పాల్సింది ఉందా బాబూ? మా ఇంట్లో పిల్లలు కూడా ఎక్కుతారు."

చెప్పాల్సింది ఉంది. ముందు కుడి చక్రంలోకి నీళ్లు వెళ్తే ఆ పక్క బ్రేకు పట్టదు. ఆ సమయంలో గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగేస్తుంది. సొహైల్‌కి అది అలవాటైపోయింది. నీళ్లలోంచి బయటికొచ్చేక బ్రేకుని కొంతదూరం మెల్లమెల్లగా నొక్కుతూ ఆరబెట్టి అప్పుడు వేగం పెంచేవాడు. బాగుచేద్దాం, బాగుచేద్దాం అనుకుంటూనే రెండు వానాకాలాలు గడిపేసేడు. ఇప్పుడు చెప్తే, బాగుచేయించేకే మాట్లాడదాంలే అని పెద్దాయన వెనక్కి వెళ్లిపోతే మూడు నెలలూ పిల్లని ఎలా తిప్పడం?

"ఇంజన్ మాత్రం చాలా బాగుందండి," అన్నాడు సొహైల్.

పెద్దాయన తలూపి జీపెక్కేడు.

మర్నాడు మధ్యాహ్నం ఇఖ్రాని కారు వెనక సీట్లో చుట్టూ దిళ్లు పెట్టి పడుకోబెట్టేరు. పక్కన తల్లి తహమీనా పిల్ల తలని ఒళ్లో పెట్టుకుంది. సొహైల్ ప్రతి గుంతనీ తప్పించుకుంటూ తోలేడు. అనకాపల్లి దాటి చోడవరం రోడ్డెక్కేసరికి వాన మొదలైంది. అద్దం తుడుద్దామని మీట తిప్పితే సిగ్నల్ లైటు వెలిగింది. ఆ తడబాటులోనే అతనికి జీపు గుర్తొచ్చింది. ఇక్కడింత వాన పడుతుంటే రావికమతంలో పడకుండా ఉంటుందా?

బండి పక్కకి తీసి గౌరీశంకర్‌కి ఫోన్ చేసేడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసేడు. ఎవరూ తీయలేదు. మూడోసారి చేస్తుంటే ఏమైందని తహమీనా అడిగింది. ఏంలేదని మళ్లీ చేసేడు.

చివరికి ఎవరో ఆడమనిషి ఫోను తీసింది. తను గౌరీశంకర్ కోడల్నని, పేరు అశ్విని అని చెప్పింది. మావయ్యగారు ఫోను ఇంట్లో మర్చిపోయేరట. రోలుగుంటలో చుట్టాల పెళ్లుంటే, జీపు చూపించొచ్చని పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని బయల్దేరేరట. ఆ పిల్లలు ఆమె పిల్లలు.

ఆ పిల్లల తల్లికే చెప్పాలి ఇప్పుడు.

"అమ్మా, ఆ జీపు నీళ్లలో దిగితే కుడి బ్రేకు పట్టదు. నేను నిన్న చెప్పలేదు. పెళ్లివాళ్లకి ఫోన్ చేసి, మీవాళ్లు వస్తే మళ్లీ ఆ బండి ఎక్కొద్దని చెప్పండి. దార్లో ఎవరైనా ఉంటే ఆపమనండి."

ఆమె ఫోను పెట్టేసింది.

అతను బండి కదిపేడు. వేగంగా వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ వెనక పిల్ల ఉంది. ఎడ్లబండిలా పాకించక తప్పలేదు. ఎదురుగా ఏ జీపు వచ్చినా అతని కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్లిపోతోంది.

"నీకు ముందే తెలుసా?" అంది తహమీనా.

"తెలుసు."

ఆమె పిల్ల పక్కన దిండు సరిచేసింది. పిల్ల నిద్రపోతోందనుకున్నాడతను. నిద్రపోలేదు.

"డాడీ, ఆళ్లకేటైనా అయితే?" అంది ఇఖ్రా, పైకప్పు వంకే చూస్తూ.

అతను అద్దంలోంచి పిల్ల వంక చూసి, బండిని ఇంకా మెల్లగా పోనిచ్చేడు.

ఇంటికి చేరి పిల్లని మంచం మీదకి చేర్చేక కూడా సొహైల్ ఫోను కింద పెట్టలేదు. తహమీనా అన్నం పెడితే ముట్టుకోలేదు. పొద్దు వాలుతుండగా తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. గౌరీశంకర్ గొంతే.

"పిల్లలకేటీ అవలేదు," అన్నాడాయన ముందుగా. సొహైల్ మంచం మీదున్న ఇఖ్రా వైపు చూసి తలూపేడు.

రోలుగుంట ఇంకాస్త దూరం ఉందనగా గెడ్డ నీళ్లు రోడ్డు మీంచి పారుతున్నాయట. జీపు దర్జాగా దాటేసిందని పిల్లలు చప్పట్లు కొట్టేరట. ఆ తర్వాతి మలుపులో ఆవు అడ్డొస్తే ఆయన బ్రేకు తొక్కేడు. బండి ఎడమకి తిరిగిపోయి కల్వర్టు దిమ్మని గుద్దుకుని ఆగింది. జీపుని అక్కడే వదిలేసి, షేర్ ఆటోలో పెళ్లింటికి చేరేసరికి అశ్విని ఫోన్ చేసి చెప్పిన కబురు అప్పటికే అక్కడుంది.

"ఆ దిమ్మ లేకపోతే అందరం కాలవలో ఉండేవోళ్లం. నిన్న నేను అడిగేను కదా బాబూ. సెప్పుంటే బాగుసేయించుకుని తోలుకునేవోణ్ణి."

"మీరు వద్దంటారని భయపడ్డానండి."

"వద్దనేవోణ్ణి కాదు," అని ఆయన ఫోను పెట్టేసేడు.

మర్నాడు సొహైల్ బ్రేకు సామాన్లు కొనుక్కుని కారులో రోలుగుంట వైపు వెళ్లేడు. జీపు దగ్గర గౌరీశంకర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. సొహైల్ కారు తాళం ఆయన ముందు పెట్టి, మీ బండి మీరు తీసేసుకోండి, పిల్లని నేనెలాగో తిప్పుకుంటానన్నాడు. పెద్దాయన తాళం ముట్టుకోలేదు.

"మీ గుంటకి నడుం ఎలాగుంది?"

"పడుకునుందండి. బాగానే ఉంది."

"అయితే ఆ బండి నీ దగ్గరే ఉంచు. దీన్ని బాగుసెయ్యి."

సొహైల్ నాలుగు చక్రాలూ విప్పేడు. సాయంత్రందాకా పనిచేసి, వంగిన బంపరు సరిచేసి, జీపుని తనే గెడ్డలోకి దించి బయటికొచ్చి బ్రేకు తొక్కి చూసేడు. గౌరీశంకర్ పక్కన కూర్చుని రెండు చేతులతో ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. జీపు తిన్నగా ఆగింది. అయినా సొహైల్‌కి నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ దించేడు. ఇక చాల్లెమ్మని ఆయనే ఆపేడు.

మూడు నెలలు గడిచేయి. ఇఖ్రా నడుం నిటారుగా నిలిచింది. ఇప్పుడు తనంతట తానే కారెక్కి స్కూలుకెళ్తోంది. జీపులో అయితే గాలొచ్చేదని అప్పుడప్పుడు సణుగుతుంది.

సొహైల్ మాత్రం వానపడితే చాలు రావికమతం ఫోన్ చేస్తాడు. మొదట్లో గౌరీశంకర్ విసుక్కునేవాడు. ఇప్పుడు ఫోనెత్తగానే, బండి బాగానే ఉంది, పనిసూసుకోమంటాడు. ఒక్కోసారి అశ్విని తీస్తుంది. సొహైల్ గొంతు వినగానే మారుమాట లేకుండా ఫోను మావగారికి ఇచ్చేస్తుంది.