చిన్నరైలు కూత

ఫ్యాక్టరీ ఎల్‌టీసీ మీద సిమ్లా వెళ్లినప్పుడు, మా ఆవిడ పిల్లల్ని తీసుకుని కుఫ్రీలో మంచు మీద స్కీయింగ్ చూడ్డానికి వెళ్లింది. నేను బజారు మెట్లన్నీ ఎక్కి దిగి, చిన్నరైళ్లు చూస్తూ స్టేషన్‌లో కూర్చున్నాను. నా సంచీ మీద పటాన్‌చెరు కొట్టు పేరు చూసి ఓ పెద్దాయన పక్కన చేరాడు. రైలు కదలగానే అడిగాడు.

"కూత బెట్టిందా, తమ్మీ?"

"పెట్టింది" అన్నాను. ఆయనకు వినపడలేదని అర్థమై తల ఊపాను.

"ఇర్వై ఏండ్లు పటాన్‌చెరుల ఇనుము సాగగొట్టే సుత్తి మిషిని కాడ చేసిన. చెవులు వొయినయ్. గీ కొండలల్ల సప్పుడుండది గద, ఇనపడ్తదేమో అని ఇంత దూరం వచ్చిన."

నాదీ ఆ పనేనని పిడికిలితో కొట్టి చూపించాను. ఆయన నా మఫ్లర్ అందుకుని రెండు చెవుల మీదికీ లాగి కట్టాడు. "దూది వెట్టుకో" అన్నాడు.

తిరిగొచ్చాక పనిలో దూది పెట్టుకున్నాను. తోటివాడి కేక వినపడటం లేదని నాలుగో రోజే తీసేశాను.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు, లింగంపల్లిలో రైలు వెళ్తుంటే మా ఆవిడ ముఖం చూస్తాను.

"కూత పెట్టిందా?"

ఆమె తల ఊపుతుంది.