మొదటి సీరియల్ ఎవరిది?

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బల్లెక్కించారు. అక్కణ్ణుంచి కిటికీ అందింది, దూకేశాను. నా చదువు అంతే. కంప్యూటర్ పని తర్వాత సొంతంగా నేర్చుకున్నదే. అలాంటి నన్ను నమ్మి, రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో జగ్గయ్యపేట లారీ యజమానుల సంఘం ఒక సర్వర్ అప్పగించింది. రిటైరయ్యాను కనుక ఇప్పుడు చెప్పొచ్చు.

సిమెంటు లోడుకు లారీలు వచ్చిన వరసలో సీరియల్ నంబరు ఇవ్వాలి. నందిగామ శాఖలో గుమాస్తా సలోమి వెబ్ పేజీలోని ఫారంలో లారీ నంబరు కొట్టి బటన్ నొక్కితే, అది పేటలోని సర్వర్‌కు చేరుతుంది. అక్కడ దాన్ని అందుకుని వరసలో చేర్చే జావా ప్రోగ్రామే సర్వ్‌లెట్. ఏ ఫారం ఏ సర్వ్‌లెట్‌కు పోవాలో వెబ్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలులో రాసి, సర్వర్‌ను ఆపి మళ్ళీ నడపాలి. రాశాను, నడిపాను, నడిచింది.

కొద్దిరోజులకే గొడవ మొదలైంది. పొద్దున్నే మొదటి సీరియల్ రోజూ ఒకే లారీకి పడుతోంది. అది మా బావమరిది ఏసుబాబుది. ప్రెసిడెంటు గారు నాకు టీ చెప్పడం మానేశారు. నేను గదిలోకి వెళితే యజమానులు మాట మార్చేవారు. సంగతి తేలకపోతే నా ఉద్యోగం, వాడి సభ్యత్వం రెండూ పోతాయని కబురందింది. నాకేమో, వాడు సలోమిని మంచి చేసుకున్నాడని అనుమానం. వెళ్ళి వాణ్ణి నిలదీశాను.

"పెళ్ళిలో ఉంగరం పెడితే గీకి చూసినోడివి. నీకు నేనేం చెప్తా బావా" అన్నాడు.

ఓ రోజు వాడి లారీ ఇంజను విప్పేసి షెడ్డులో ఉంది. ఆ రోజూ మొదటి సీరియల్ దానికే పడింది. ఇంజను లేని లారీకి ఎవరూ దొంగ సీరియల్ వేయించుకోరు. మర్నాడు నందిగామ బస్సెక్కి, సలోమి పక్కన కూర్చున్నాను. ఆమె పని మొదలెడుతూ, పేజీ చిరునామా దాచుకున్న బుక్‌మార్క్ నొక్కింది. పేజీ తెరుచుకుంది. ఇంకా ఒక్క అంకె కొట్టలేదు, ఏసుబాబు లారీ వరసలో చేరిపోయింది.

ఫారం నుంచి నంబరును సర్వర్‌కు పంపడానికి నేను గెట్ అనే పద్ధతి పెట్టాను. అందులో, కొట్టిన నంబరు పేజీ చిరునామాలోనే ఉండిపోతుంది. ఆ చిరునామా తెరిచినప్పుడల్లా నంబరు మళ్ళీ సర్వర్‌కు పోతుంది. సలోమికి పని నేర్పిన రోజు పరీక్షకని ఏసుబాబు లారీ నంబరు కొట్టి, వచ్చిన పేజీనే బుక్‌మార్క్ చేయించింది నేనే. ఫారంనూ సర్వ్‌లెట్‌నూ పోస్ట్ పద్ధతికి మార్చాను. అందులో నంబరు చిరునామాకు అంటుకోదు. ప్రెసిడెంటు గారి ఎదుటే పాత బుక్‌మార్క్ నొక్కించాం. సీరియల్ పడలేదు. నాకు టీ వచ్చింది.

చూపించే పనికి గెట్, నమోదు చేసే పనికి పోస్ట్. మనిషిని అనుమానించే ముందు, పక్కన కూర్చుని ఆ మనిషి ఏం నొక్కుతున్నారో చూడాలి.

ఇదంతా కంప్యూటర్ చేసిన పనేనని సలోమికి సర్దిచెప్పబోయాను.

"సంఘంలో ఇన్ని లారీలుండగా, పరీక్షకి మీ బావమరిది నంబరే గుర్తొచ్చిందేంటండి? అదీ కంప్యూటరే చేసిందంటారా?" అంది.