ఖాళీ నెలల లెక్క

కొత్తగా వేసిన సున్నం వాసన తగిలితే ఎవరికైనా పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం భయం గుర్తొస్తుంది. మొన్న ఒక బ్రోకరు అమ్మకానికున్న ఇల్లు చూపిస్తానని తీసుకెళ్లాడు. గేటు తీయగానే తడి సున్నం గుప్పుమంది. "ఏడాది పొడుగునా అద్దెలేనండీ, ఒక్కరోజు ఖాళీ ఉండదు" అని అతను ఊదరగొడుతుంటే నేను వంగి గడపలకేసి చూశాను. పక్కన ఖాసింబీ పిన్ని లేకుండా ఇల్లు చూడటం నాకు ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు.

చిలకలూరిపేటలో మేము అద్దెకున్న ఇల్లు పిన్నిది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే పిన్ని. వరసగా ఉన్న పెంకుటింటి వాటాల్లో ఒకటి మాది. భర్త పోయాక ఆ అద్దెల మీదే పిల్లల్ని పెంచి పెద్ద చేసింది. బుగ్గన వక్కాకు, బొడ్లో తాళంచెవుల గుత్తి, వీధి చివరికి వినపడే గొంతు. పంచాంగం మాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆషాఢంలోనూ మూఢంలోనూ మావాళ్లెవరూ ఇల్లు మారరు కదా! "మీ పంతులు మూఢం అన్నాడంటే నా గదికి తాళమేనే" అని నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆయన పనిచేసే స్పిన్నింగు మిల్లు మూతపడింది. చాలా తిప్పలుపడ్డాక సెటిల్‌మెంటు డబ్బు చేతికొచ్చింది. అప్పటికే దూది దుమ్ముకి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇక ఏ ఉద్యోగమూ చేయలేరు. ఆ డబ్బు పోతే మాకు ఇంకో డబ్బు లేదు. బ్యాంకులో వేద్దామంటే వడ్డీలు తగ్గిపోతున్నాయని పేపర్లో వార్తలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అద్దెలొచ్చే ఇల్లు కొంటే నెలనెలా బియ్యానికీ మందులకూ దిగులుండదని ఆయన పట్టుబట్టారు. నాకేమో ఆ చెక్కు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ కంటిమీద కునుకు లేదు. బీరువా తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడేదాన్ని.

గుంటూరులో మిరపకాయల యార్డుకు దగ్గర్లో ఒక ఇల్లు బేరానికొచ్చింది. ఆరు వాటాలు, మెరిసిపోతున్న సున్నం, ప్రతి వాటాలోనూ మనుషులు. ధర చూస్తే తక్కువ, అద్దెలు చూస్తే ఎక్కువ. ఆయన అప్పుడే మనసులో కొనేశారు. బయానా డబ్బు నా సంచిలో ఉంది. నేను ఆ సంచిని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడ్డాను. తోడుగా వచ్చిన పిన్ని గోడల వంక కన్నెత్తి చూడలేదు. గుమ్మం గుమ్మం దగ్గరా వంగుతూ వెళ్లింది.

"అందరూ కాపురాలు చేసుకునేవాళ్లేనమ్మా. ఏళ్ల తరబడి ఉంటున్నారు" అన్నాడు ఇంటాయన.

"అమ్మాయ్, ఇట్రా. గడప చూడు" అంది పిన్ని.

"చూశాను పిన్నీ, బాగానే ఉంది."

"బాగుండటం కాదే. పసుపేదీ? ఏళ్ల తరబడి ఆడవాళ్లు కాపురాలు చేసే ఇంట్లో ఒక్క గడపకైనా పసుపు మరక లేదు. గోడలకి సున్నం కొట్టించినాయన గడపల సంగతి మర్చిపోయాడు పాపం!"

ఇంటాయన ముఖం మాడింది. పిన్ని ఆయన్ని పట్టించుకోకుండా వరండాలో కూర్చున్న ఒకావిడను పలకరించింది.

"ఏ ఊరమ్మా మీది?"

"మార్కాపురం అవతలండీ. కాయల తొడిమలు తియ్యటానికి వచ్చాం."

"శ్రావణమాసం దాకా ఉంటారా?"

"అమ్మో, ఎట్టా కుదురుద్దండీ? వాన పడితే ఊళ్లో పొలం పనులుండవా? అందరం పోతాం. అప్పుడిక్కడ ఎవరుంటారు?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇల్లు నిండేది మిరపకాయల సీజనులోనే. మిగతా రోజులన్నీ తాళాలే. పోనీ కాపురాలవాళ్లు వస్తారా అంటే, యార్డు మీంచి వచ్చే ఆ ఘాటులో పిల్లల్ని పెట్టుకుని ఎవరుంటారు? గేటు దగ్గర మా ఆయన అప్పటికే దగ్గలేక దగ్గుతున్నారు. పిన్ని అడగడం ఇంకాస్త ఆలస్యమైతే సంచి విప్పేదాన్నే కదా! బస్సెక్కాక ఏడుపు ఆగలేదు.

"నాకు భయంగా ఉంది పిన్నీ. ఏ ఇల్లూ వద్దు" అన్నాను.

"భయం ఉండాలే. భయం లేనోళ్లకే ఇట్టాంటి కొంపలు అంటగడతారు. భయపడు, కానీ కళ్లు మూసుకుని భయపడబాక" అంది.

కొన్నాళ్లకు పేటలోనే ఇంకో ఇల్లు చూశాం. రెండే వాటాలు, పాతది, గడపలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నేను పన్నెండు నెలల అద్దె కూడి, మునిసిపాలిటీ పన్ను, బోరు మోటారు రిపేర్లు తీసేసి పిన్నికి చెప్పాను. మా ఇంటి ఖర్చుకు సరిగ్గా సరిపోతోంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తొమ్మిది నెలలకే వేసుకో. అప్పుడూ సరిపోతేనే కొను. లేకపోతే ధర తగ్గించమను."

"మూఢానికీ ఆషాఢానికీ తీసినా మరీ మూడు నెలలా పిన్నీ?"

"ఇల్లు ఖాళీ అయితేనే అద్దె ఆగుద్దా? లోపల మనుషులుండగానే ఆగుద్ది. మగాడికి పని పోద్ది, ఎవరో ఒకరు మంచాన పడతారు. ఆ నెలలు ముందే తీసి పక్కన పెట్టకపోతే నీ పొయ్యి వెలగాలంటే వాళ్ల గిన్నెలు వీధిలో పడెయ్యాలి. అందుకు నువ్వు చెడ్డదానివి కానక్కర్లేదే. లెక్క తప్పితే చాలు."

నాకు మా సంగతే గుర్తొచ్చింది. మిల్లు మూసేశాక కొన్ని నెలలపాటు ఆమె మా గుమ్మం తొక్కలేదు. మేము అద్దె ఇవ్వలేదు, ఆమె అడగలేదు. మా మీద జాలి అనుకున్నాను.

"అయితే మమ్మల్ని కూడా ముందే తీసి పక్కన పెట్టావా పిన్నీ?"

"నిన్ను కాదులే. ఆ గదిలో ఎవరుంటే వాళ్లని" అని వక్కాకు ఉమ్మేయడానికి లేచింది.

తొమ్మిది నెలల లెక్కకు సరిపడా ఆ ఇంటాయన ధర తగ్గించాకే ఆ రెండు వాటాలూ కొన్నాం. మా ఆయన ఉన్నన్నాళ్లూ మందులు ఆ అద్దెలతోనే కొన్నాం. పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు ఇంకొన్ని వాటాలున్నాయి, భయం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. డబ్బు పోతుందేమోనన్న భయానికైతే ఎలాగో అలవాటుపడ్డాను. నేను ఎక్కడో లెక్క తప్పి, పని పోయిన ఇంటి తలుపు కొట్టి, అద్దె కోసం చెయ్యి చాచి నిలబడాల్సి వస్తుందేమోనని, ఆ భయానికి మాత్రం ఇప్పటికీ వణుకుతాను.