రస్టీ కుర్చీకి తగిలిన రోజు

సియూ గెక్ ఆంటీ ఒకప్పుడు మా తోవా పాయో పేటలో టాక్సీ నడిపేది. నలభై దాటాక గ్లకోమా అనే కంటి జబ్బుతో చూపు మెల్లగా పోయింది. లైసెన్సు తిరిగిచ్చేసి ఇంటికి బస్సులో వచ్చిన ఆమె, చాలాకాలం గడప దాటలేదు. ఆ తర్వాత రస్టీ వచ్చాడు. నల్ల లాబ్రడార్, దారి చూపడానికి తర్ఫీదు పొందిన కుక్క. వాడి వెంట ఆమె మళ్లీ బజారుకు వెళ్లింది, చివరికి నా మూడో తరగతి పిల్లలతో మాట్లాడడానికి బడికీ వచ్చింది.

పిల్లల్లో హఫీజా మాత్రం దూరంగా కూర్చుంది. కుక్క ముక్కు తగిలితే ఇంట్లో కడుక్కోమంటారని నాతో గుసగుసగా చెప్పింది. ఆంటీ వినేసింది.

"అక్కడే కూర్చోమ్మా, తప్పేం లేదు. వీడి ముక్కు ఎప్పుడూ తడే."

జున్ కాయ్ ఆగలేకపోయాడు. "ఆంటీ, ఎర్ర లైటు వాడికెలా తెలుస్తుంది?"

"తెలీదు. బండ్ల చప్పుడు విని నేనే చెప్తాను. దారి చెప్పేది నేను, నడిపేది వాడు. నా టాక్సీ ఎక్కినవాళ్లూ నాకలాగే చెప్పేవాళ్లు."

"మీరు తప్పు చెప్తే?"

"కారొస్తుంటే వెళ్లమన్నా వెళ్లడు. మహా మొండి."

"మీకు కలలో కనిపిస్తుందా?" అంది హఫీజా.

"ఆ. కలలో ఇప్పటికీ నేనే డ్రైవర్ని."

తర్వాత వాడెలా నడిపిస్తాడో చూపిద్దామని గదిలో అడ్డంగా కుర్చీలు వేశాం. బయట మబ్బు పట్టి గది మసకగా ఉంది. రస్టీ నేరుగా వెళ్లి కుర్చీకి తగిలాడు. పిల్లలు నవ్వారు. ఆంటీ నవ్వలేదు. మళ్లీ నడిచింది. వాడు మళ్లీ తగిలాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని వాడి మొహమంతా చేత్తో తడిమింది.

"కుర్చీ కనిపించలేదేమో ఆంటీ," అంది హఫీజా.

"సాయంత్రాలు మెట్ల దగ్గర ఆగిపోతున్నాడు. బద్ధకం అనుకుని తిట్టాను," అందామె నెమ్మదిగా.

పశువుల డాక్టరు చూసి, కంటి లోపలి పొర దెబ్బతింటోందని, ముందు మసకలో, తర్వాత పగలు కూడా చూపు పోతుందని చెప్పాడు. రస్టీని పని మాన్పించారు. కుక్కనిచ్చిన సంస్థవాళ్లు వాణ్ణి ఇంకెవరైనా పెంచుకుంటారేమో చూడమంటారా అని అడిగారట. "నాకు చూపు పోయినప్పుడు నన్నెవరూ వేరే ఇంటికి పంపలేదు," అందట ఆమె.

పిల్లలు రోజూ నన్ను పీడించేవాళ్లు, రస్టీ ఏమయ్యాడని. సెలవుల తర్వాత ఆంటీ తెల్ల కర్రతో, ఒక్కతే బస్సెక్కి వచ్చింది.

"రస్టీకి ఇప్పుడు దారెవరు చూపిస్తారు?" జున్ కాయ్ మొదటి ప్రశ్న.

"నేనే."

"మీకే కనిపించదుగా!"

"కనిపించదు. కానీ కనిపించకుండా ఎలా తిరగాలో నాకు తెలుసు, వాడికి కొత్త. మెట్టు ముందు గరుకు చాప వేశాను, పాదానికి తెలిసేలా. నా చెప్పుకు చిన్న మువ్వ కట్టుకున్నాను. ఆ చప్పుడు వెంట వస్తాడు."

"భయపడతాడా?" అంది హఫీజా.

"లిఫ్టు ముందు వణికేవాడు. ఇప్పుడు నేను ముందు ఎక్కి కబుర్లు చెప్తుంటే వస్తున్నాడు."

"ఇద్దరూ పడిపోతే?" వెనక నుంచి ఎవరో అన్నారు.

"నిన్నే పడ్డాం, కింద గడ్డిలో. లేవబుద్ధి కాలేదు. చల్లగా ఉంది, కాసేపు అక్కడే కూర్చున్నాం."

గంట కొట్టారు. ప్రశ్నలకని పిల్లలు ఎత్తిన చేతులు ఇంకా దిగలేదని ఆమెకు చెప్పాను. "అయితే అడగనీ," అంది.