నారు ట్రేలలో పిల్లి గోళ్లు

ఎస్తేర్‌కు చెయ్యి ముందు లేస్తుందని, మాట ఆ తరువాతే వస్తుందని కనకమామిడి నుండి చిన్న మంగళారం వరకు ఆమెను ఎరిగిన వారందరికీ తెలుసు. భర్త చెన్నయ్య తాగి వచ్చి కొట్టే రోజుల్లో ఆమె ఒకనాడు తిరగబడి, రోకలితో అతని ముంజేతిని విరిచింది. అతుక్కున్న తరువాత కూడా ఆ చెయ్యి వంకరగానే మిగిలింది. చనిపోయే వరకు అతడు ఆ చేతితోనే అన్నం తిన్నాడు గాని, మరెన్నడూ దానిని ఆమె మీదికి ఎత్తలేదు. మొయినాబాద్‌లో బస్సు ఎక్కుతుండగా ఆమె సంచి లాగబోయిన దొంగ ఒకడు, తన వేలిని ఆమె పళ్ల మధ్య నుండి విడిపించుకోవడానికి నడిరోడ్డు మీద కాళ్ల బేరానికి వచ్చాడు. ఇవేవీ ఆమె గొప్పగా చెప్పుకునేది కాదు. ఆదివారం నాడు తెల్లచీర కట్టి ప్రార్థనకు వెళ్లేది. మిగిలిన రోజుల్లో కనకమామిడి శివారులోని కూరగాయల నర్సరీలో ట్రేలు నింపి, విత్తనం పెట్టి, నారుకు నీళ్లు చల్లేది.

ఆ నర్సరీలో మట్టి వాడరు. కొబ్బరి పీచు నుండి వచ్చే పొట్టును తడిపి, ట్రేల గుంతలలో నింపి, ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క విత్తనం పెడతారు. పొట్టు ఎంత నీటినైనా పీల్చుకుంటుంది కనుక, అక్కడ ఏది ఒలికినా దాని మీద గుప్పెడు పొట్టు చల్లడం పనివారందరి అలవాటు. చాయ ఒలికినా పొట్టే, నూనె కారినా పొట్టే, వేలు తెగి నెత్తురు కారినా పొట్టే.

విత్తనాల గోదాములో ఎలుకలు పడి సంచులు కొరికేస్తున్న కాలంలో ఒక బూడిదరంగు పిల్లి తనంతట తానే వచ్చి చేరింది. ఎలుకలను ముక్కలు చేసి, తోకలను మాత్రం ఎస్తేర్ చెప్పుల దగ్గర వదిలి వెళ్లేది. ఆ తరువాత ఖాళీ ట్రేల దొంతర వెనుక మూడు పిల్లలను పెట్టింది. ఒకటి తెల్లది, ఒకటి చారలది, ఒకటి నల్లది.

అవి ఇంకా పాలు మానకముందే తల్లి చనిపోయింది. చుట్టూ ఉన్న ఫామ్‌హౌస్‌లలో యజమానులు వారాంతాలలో తప్ప ఉండరు. వారి గేట్ల దగ్గర తిండి మరిగిన కుక్కలు మిగిలిన రోజుల్లో ఆకలితో గుంపు కట్టి తిరుగుతాయి. ఒక ఉదయం ఆ గుంపు కంచె పక్కన పిల్లిని చుట్టుముట్టింది. ఎస్తేర్ పార పట్టుకుని పరుగెత్తే సరికి ఒక కుక్క పిల్లి మెడను, మరొకటి వెనుకకాళ్లను పట్టి చెరొక వైపు లాగుతున్నాయి. అంతటి స్థితిలోనూ పిల్లి మొదటి కుక్క కంటిలోకి గోళ్లు దింపి వదలలేదు. ఎస్తేర్ పార కర్రతో బాదింది. ఒక కుక్క నడుము విరిగి, ముందుకాళ్లతో నేలను పాకుతూ పోయింది. మరొకటి ఆమె పిక్కను కరిచి పోయింది. కుక్కలన్నీ చెదిరే సరికి పిల్లి పొట్ట చీలి, పేగులు నేల మీద పరచుకుని ఉన్నాయి. ఎస్తేర్ పిక్క నుండి నెత్తురు కారుతుండగానే గుంత తవ్వి పూడ్చింది. దవాఖానకు పోయి సూది వేయించుకున్నది ఆ తరువాతనే.

ఆనాటి నుండి ఆ మూడు కూనల ప్రాణం తన పూచీ అని ఆమె నిశ్చయించుకున్నది. ఎవరూ అడగలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. అయినా నిశ్చయించుకున్నది.

కూనలకు పాలపీకతో పాలు పట్టింది. పగిలిన నీలిరంగు తొట్టె ఒకటి తెచ్చి, నర్సరీ అలవాటు ప్రకారం దానిలో కొబ్బరి పొట్టు నింపి గోదాము మూలన పెట్టింది. పాలు తాగిన వెంటనే కూనలను అందులో కూర్చోబెడితే, అవి పొట్టును గీకి, పని కానిచ్చి, మళ్లీ కప్పేవి. ఆమె సంతోషించి, ఆ తొట్టెను ప్రతి సాయంత్రం ఫినాయిల్‌తో కడగసాగింది. పూర్వం ఒక దవాఖానలో ఊడ్చే పని చేసినప్పటి నుండి, ఫినాయిల్ వాసన రానిది శుభ్రం కాదని ఆమె నమ్మకం.

నడక నేర్చిన కూనలు తొట్టెను విడిచిపెట్టాయి. గోదాము గడప దాటి, నారుకు నీడ కోసం కట్టిన షేడ్‌నెట్ కిందికి వెళ్లి, నారు ట్రేలలోకి ఎక్కాయి. మెత్తటి పొట్టు కనిపించిన ప్రతి చోటా గీకి, కూర్చుని, కప్పిపెట్టాయి. టమాట మొలకలు వేళ్లతో సహా లేచి బయట పడ్డాయి. పసుపుపచ్చగా మారిన క్యాప్సికం నారు వాసన కొట్టింది.

ఎస్తేర్ తనకు తెలిసిన విద్యే ప్రయోగించింది. తప్పు చేసిన కూనను మెడ పట్టి తెచ్చి, దాని ముక్కును ఆ మలానికి రాసి, వీపు మీద చరిచింది. కూనలు అరిచాయి. మరునాడు ఆమె కంట పడని ట్రేలను వెతుక్కుని వెళ్లాయి. ఆమె మరింత గట్టిగా కొట్టింది.

నర్సరీ సూపర్‌వైజర్ ధనరాజ్ మొదట నవ్వి ఊరుకున్నాడు. "ఎస్తేరక్క, నీ పిల్లలు ఎరువు మంచిగనే ఏస్తున్నయి," అన్నాడు. తరువాత నవ్వడం మానాడు. "అక్కా, ఇంకొక్క ట్రే ఖరాబైతే సంచిల కట్టి బావిల పడేస్త. చెప్పలేదనకు."

"నా చెయ్యి ఎసుంటిదో ఎరికనే గద నీకు," అన్నది ఎస్తేర్.

"ఎరికనే. గా చెయ్యి పిల్లుల మీద సూపియ్యి, నా మీద కాదు."

చేవెళ్ల వైపు నుండి శ్రీశైలం అనే రైతు తన టమాట నారు తీసుకుపోవడానికి బండి తెచ్చిన రోజున అది జరిగింది. శ్రీశైలం వంగి ట్రే అంచును పట్టగానే బొటనవేలు మెత్తటి దానిలోకి దిగింది. అతడు వేలును వాసన చూసి, ట్రేను ధనరాజ్ కాళ్ల మీదికి విసిరికొట్టాడు.

"ఏందిర ఇది? నారు పెంచుతున్నవా, పాయఖాన నడుపుతున్నవా? గీ పెంట నా పొలంల నాటాల్నా?"

పనివారందరి ముందు ఆ మాట పడిన ధనరాజ్ పార అందుకున్నాడు. అప్పుడే ట్రే పక్క నుండి తెల్ల కూన బయటికి వచ్చింది. అది పారిపోలేదు. పార పట్టిన వారు పాలు పట్టేవారేనన్నదే అది ఎరిగిన లోకం. ధనరాజ్ పారను నిలువుగా దింపాడు. ఒక్క దెబ్బకే కూన రెండయింది.

ఎస్తేర్ ట్రేల బల్లకు ఆనించి ఉన్న ఇనుప గొట్టం తీసుకుని, నాలుగడుగులు నడిచి వెళ్లి, అతని తల మీద కొట్టింది. చర్మం చిట్లి, నెత్తురు కంటి మీదుగా గడ్డం దాకా కారింది. అతడు పడుతూనే లేచి, పిడికిలితో ఆమె నోటి మీద గుద్దాడు. పన్ను ఒకటి ఊడి పొట్టులో పడింది. రెండవసారి ఆమె గొట్టం ఎత్తింది. అది దిగి ఉంటే ధనరాజ్ బతికేవాడు కాడు. వెనుక నుండి తోటి కూలి జంగమ్మ ఆమె రెండు చేతులనూ కౌగిలించి పట్టుకున్నది. నేల మీద కారిన నెత్తురు మీద ఎవరో అలవాటుగా గుప్పెడు పొట్టు చల్లారు.

నర్సరీ యజమాని సాయిచంద్ పట్నంలో ఉంటాడు. ఫోనులో అంతా విని, వారం చివర తానే వస్తానని, అంతవరకు ఎవరూ ఎవరినీ తాకరాదని ఆజ్ఞాపించాడు. తాను వచ్చిన నాడు ఒక్క ట్రేలోనైనా పిల్లి మలం కనబడితే మిగిలిన రెంటినీ ధనరాజ్ ఇష్టానికి వదిలేస్తానని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం జంగమ్మ ఉప్పు మూట వేడి చేసి ఎస్తేర్ దవడకు కాపడం పెట్టింది. ఇద్దరూ గోదాములోనే ఉన్నారు. చారల కూన, నల్ల కూన దొంతర వెనుక నుండి బయటికి రావడం లేదు.

"పిలువు, వస్తయేమో," అన్నది జంగమ్మ.

"నేను పిలిస్తే రావు."

"ఎందుకు రావు? పాలు పోసినదానివి."

"కొట్టిన గద. ముక్కు రాసి మరీ కొట్టిన."

జంగమ్మ మూట తీసి మళ్లీ పెట్టింది. ఆమె ఇంట్లో ఎప్పుడూ పిల్లులే. "కొడితే దొడ్డికి పోవుడు మానతయా, అక్క? నీకు కనబడకుండ పోవుడు నేర్చుకుంటయి. నువ్వు చెన్నయ్య బావ కొడితే ఏం నేర్చుకున్నవు?"

"రోకలి పట్టుడు నేర్చుకున్న," అన్నది ఎస్తేర్. వాచిన మూతితో నవ్వబోయి మూలిగింది.

జంగమ్మ లేచి తొట్టె దగ్గరికి పోయి వంగి చూసింది. వెంటనే ముక్కు మూసుకున్నది. "యవ్వ, గిదేం వాసన? మనిషికే కండ్లు మండుతున్నయి. అవి ఎట్ల కూసుంటయి ఇండ్ల?" చేతితో లోపలి దానిని కలిపి చూసి ఆగిపోయింది. "అక్క, ఇండ్ల ఏం పోసినవు?"

"పొట్టు."

"ట్రేలల్ల ఏమున్నది?"

ఎస్తేర్ తల తిప్పి చూసింది. గోదాము తలుపు అవతల, షేడ్‌నెట్ కింద, కంటికి ఆనినంత దూరం పొట్టు నింపిన ట్రేలే వరుసలు తీరి ఉన్నాయి. కళ్లు తెరిచిన నాటి నుండి, పొట్టు అంటే కూర్చునే చోటు అని ఆ కూనలకు తన చేతులతోనే నేర్పింది. ఆ తరువాత వాటి తొట్టెలో ఫినాయిల్ పోసి, వాటిని అక్కడి నుండి తరిమింది. నేర్పిన పాఠాన్నే అవి ఒప్పజెప్పగా, కొట్టింది. తెల్ల కూన ఆ పాఠం నేర్చుకునే చచ్చింది.

ఆమె కాపడం మూటను చేతిలోకి తీసుకుని, చెయ్యి కాలేవరకు పిసికింది.

మరునాడు ఇల్లు కడుతున్న వారి దగ్గర ఇసుక అడిగి తెచ్చి, పిండి జల్లెడతో జల్లించింది. తొట్టెను ఉత్త వేడినీటితో పలుమార్లు కడిగి ఎండబెట్టింది. కూనలు సులువుగా ఎక్కడానికి ఒక పక్క అంచును కత్తితో కోసింది. మొదట పొట్టులో కొంచెం ఇసుక కలిపింది. పూట పూటకూ పొట్టు తగ్గించి ఇసుక పెంచింది. గోదాము తలుపు వేసి ఉంచింది. తిన్న వెంటనే కూనలను తొట్టెలో దింపి, తాను దూరంగా కూర్చుని, చేతులను కొంగులో చుట్టుకునేది. నల్ల కూన ఒకసారి గోనెసంచి మీద కూర్చున్నది. ఎస్తేర్ సంచి ఉతికింది గాని, కూనను తాకలేదు.

సాయిచంద్ చెప్పిన ప్రకారం వచ్చాడు. ట్రేలన్నీ తిరిగి చూశాడు. ఏమీ కనబడలేదు.

తలకు కట్టు కట్టుకున్న ధనరాజ్ ఒప్పుకోలేదు. "తలుపు ఏసి దాస్తే ఏం తెలుస్తది సార్? తినవెట్టి, ట్రేల మీద ఇడువుమనుండ్రి. ఇప్పుడే తేలిపోతది." అంటూ అదే పారను తెచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇడుస్త," అన్నది ఎస్తేర్. "నువ్వు జర ఎనుకకు నిలవడు. నిన్ను చూస్తే నాకే ఉచ్చ వస్తున్నది."

పనివారిలో ఎవరో నవ్వి, ధనరాజ్ చూపుకు మానుకున్నారు.

తొట్టెను తెచ్చి ట్రేల వరుస చివర పెట్టారు. కడుపు నిండిన కూనలను ఎస్తేర్ ట్రేల నడుమ దింపింది. చారల కూన అటూ ఇటూ చూసి, బల్ల మీది నుండి దూకి, నేరుగా తొట్టె ఎక్కి ఇసుకలో కూర్చున్నది. నల్ల కూన కదలలేదు. కింది పొట్టును వాసన చూసింది. ముందుకాలితో ఒకసారి గీకింది. మొలక ఒకటి పక్కకు ఒరిగింది. ధనరాజ్ పారను భుజం వరకు ఎత్తాడు.

అరిస్తే కూన బెదిరి అక్కడే కూర్చుంటుందని ఎస్తేర్‌కు తెలుసు. దూకి పార పట్టుకుంటే పందెం ఓడినట్లేనని కూడా తెలుసు. ఊడిన పన్ను చోట నాలుక నొక్కిపట్టి నిలబడింది. కొంగులో చుట్టిన చేతుల గోళ్లు అరచేతులలోకి దిగాయి. నల్ల కూన మరొకసారి గీకింది. తోక కొద్దిగా లేచింది. తరువాత, చారల కూన ఇసుక గీకుతున్న సవ్వడి వినబడి తల తిప్పింది. ట్రేల అంచుల మీదుగా, ఒక్క మొలకనూ తొక్కకుండా నడిచి వెళ్లి, తొట్టెలో దిగింది.

ధనరాజ్ పార దించాడు. దానితో చేయడానికి వేరే పని లేక, నేల మీద కొట్టాడు.

సాయిచంద్ గొంతు సవరించుకున్నాడు. "పిల్లులు ఉండనియ్యి. గోదాంల ఎలుకల బాధ నాకు ఎరికనే. కానీ ఎస్తేరమ్మా, తల పగలగొట్టిన మనిషిని పనిల ఉంచుకునుడు కష్టం. రేపటి సంది రాకు."

"నా పన్ను ఊడగొట్టిన మనిషి సార్?"

సాయిచంద్ ట్రేల వైపు చూశాడు.

ఎస్తేర్ నారు మోసే గంపలో గోనె పరిచి, రెండు కూనలను అందులో పెట్టి, తొట్టెలోని ఇసుకను కవరులో పోసుకున్నది.

"గవెందుకు తీసుకపోతున్నవు? ఎలుకలను ఎవరు పట్టాలె?" అన్నాడు యజమాని.

"ధనరాజ్‌ను కూసోబెట్టుండ్రి సార్. పార ఉన్నది గద."

ఈసారి పనివారు నవ్వు దాచుకోలేదు. జంగమ్మ రోడ్డు దాకా తొట్టె మోసుకొచ్చి, చిన్న మంగళారం పోయే ఆటోలో పెట్టి పోయింది.

ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడు నల్ల కూన గంప దాటి ఎస్తేర్ ఒడిలోకి ఎక్కింది. మరి కొంత దూరం పోయాక ఆమె తొడ మీద వెచ్చగా తడి తగిలింది. ప్రార్థనకు కట్టే తెల్లచీరను ఆమె ఆనాడు యజమాని వస్తున్నాడని కట్టుకున్నది. కుడిచెయ్యి తనంతట తానే లేచింది. కూన చెవులు తలకు అతుక్కున్నాయి. కళ్లు మూసుకుని, వీపు కుంచించి, దెబ్బ కోసం ఆగింది.

ఎస్తేర్ ఆ వీపును చూసింది. లేచిన చెయ్యి లేచినట్లే ఉండగా, దానితో ఆటో పైకప్పు కడ్డీని పట్టుకున్నది. ఇల్లు వచ్చే వరకు వదలలేదు.